పట్నం పోయొద్దాం రండి



మన దగ్గర పట్నం అంటే హైదరాబాదే. వేరే పేరు చెప్పనక్కర లేదు. "మా చిన్నోడు పట్నంల పని చేస్తుండు" అంటాం. "పట్నం దవాఖానాకు తీస్కపొమ్మన్నరు" అంటాం. కామారెడ్డి నుంచి పట్నం 110 కిలోమీటర్ల పైచిలుకు. బస్సులో రెండున్నర, మూడు గంటల దారి. అయినా మనలో చాలామంది ఇంకా పట్నం చూడలేదు. చూసినవాళ్లు కూడా ఎవరో చెయ్యి పట్టుకుని తీసుకుపోతే పోయారు, తీసుకొస్తే వచ్చారు. ఏ బస్సెక్కారో, ఎక్కడ దిగారో అడిగితే చెప్పలేరు.

నేనూ అట్లాంటిదాన్నే. ముందు ఆ సంగతి చెప్తాను.

మొదటిసారి పోయినప్పుడు నాకు అక్షరం ముక్క రాదు. మా బాబుకు అప్పుడు నాలుగేళ్లు. జ్వరం పది రోజులైనా తగ్గలేదు. కామారెడ్డిలో చూపిస్తే పట్నం తీసుకుపొమ్మన్నారు. మా ఆయన దుబాయిలో ఉన్నాడు. మా అత్త బీడీల పైసలు కొంగున కట్టి పంపింది. బస్సెక్కాను. పట్నం వచ్చిందన్నారు. అందరూ దిగుతుంటే నేనూ దిగాను. పట్నంలో రెండు పెద్ద బస్ స్టేషన్లు ఉంటాయని నాకు తెలియదు. నేను దిగాల్సింది రెండో దాంట్లో.

ఒకాయన్ను అడిగాను. "అగో, ఆ బస్సు" అని చెయ్యి చూపించి పోయాడు. అక్కడ రెండు బస్సులు నిలబడి ఉన్నాయి. రెండింటికీ బోర్డులు ఉన్నాయి. నా కంటికి అవి గీతలే. ఒకటెక్కాను. అది తప్పు బస్సు. మళ్లీ అడుగుడు, మళ్లీ ఎక్కుడు. దవాఖానా చేరేసరికి పొద్దు గూకింది. చీటీలు రాసే కిటికీ మూసి ఉంది. పొద్దున తెరుస్తారు కదా అని వరండాలో కూర్చున్నాను. బాబు ఒళ్లు పెనం తీరు కాలుతోంది. తడిగుడ్డ వేస్తూ రాత్రంతా కూర్చున్నాను.

తెల్లారి ఒక ఆయమ్మ వచ్చి చూసి నెత్తి కొట్టుకుంది. "రాత్రి నుంచి ఇక్కడే ఉన్నవా? నీ నెత్తి మీదనే బోర్డు ఉంది కదనే!" అంది. తలెత్తి చూశాను. ఎర్రటి అక్షరాలు. 'అత్యవసర చికిత్స, 24 గంటలు' అని దాని మీద రాసి ఉందట. ఆ తలుపు నాకు పది అడుగుల దూరంలో రాత్రంతా తెరిచే ఉందట.

బాబు బతికాడు. ఇప్పుడు నాకంటే ఎత్తు పెరిగాడు. ఆ ఎర్ర అక్షరాలు మాత్రం నేను మరిచిపోలేదు.

పోయిన చలికాలంలో మళ్లీ పట్నం పోయాను. ఈసారి నేనే పెద్దదిక్కు. మా పెద్దవ్వ కంటికి పొర వచ్చింది. మా వదిన కూడా వస్తానంది. వదిన చెల్లెలు ఇల్లు పట్నంలోనే ఉంది. మూడు రోజులు ఉండి వచ్చాం. ఈ పాఠంలో ఆ దారి, ఆ ఊరు, ఆ ఊరి కథ చెప్తాను.

బస్సు మీద ఏం చదవాలి?

బయలుదేరే ముందు నేను ఒక కాగితం మీద వదిన చెల్లెలు చిరునామా, ఫోన్ నంబరు నా చేత్తోనే రాసుకున్నాను. అట్లాంటి కాగితాలు మూడు రాశాను. ముగ్గురికీ ఒక్కొక్కటి. "నాకెందుకే, నాకు చదువు రాదు" అంది పెద్దవ్వ. "నీకు రాకున్నా నువ్వు తప్పిపోతే చూపించొచ్చు" అన్నాను. ఆధార్ కార్డులు, పెద్దవ్వ పాత మందు చీటీలు సంచిలో పెట్టుకున్నాం.

2023 డిసెంబర్ 9 నుంచి మన రాష్ట్రంలో ఆర్టీసీ బస్సులో ఆడవాళ్లకు టికెట్ పైసలు లేవు. అయితే అన్ని బస్సుల్లో కాదు. పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో, పట్నంలో తిరిగే ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉంది. డీలక్స్, సూపర్ లగ్జరీ అని రాసి ఉంటే పైసలు ఇవ్వాల్సిందే. ఆ మాట బస్సు మీదనే రాసి ఉంటుంది. ఎక్కే ముందు చదవాలి. కార్డు చూపిస్తే కండక్టరు సున్నా టికెట్ ఇస్తాడు. అది పారేయొద్దు, దిగేదాకా ఉంచుకోవాలి.

పెద్దవ్వకు ఈ సంగతి మింగుడు పడలేదు.

"పైసలియ్యకుంట కూసుంటె దొంగతనం కాదానే?" అంది.

"కాదు పెద్దవ్వా. నీ టికెట్ పైసలు సర్కారు కడ్తది."

"సర్కారుకు యాడికెల్లి వస్తయి?"

"మనం కొనే సబ్బు మీద, చీర మీద పన్ను కడ్తలేమా? అండ్లకెల్లి."

"అట్లనా! అయితె నేను కిటికి కాడ కూసుంట" అంది పెద్దవ్వ.

కామారెడ్డి నుంచి పోయే రోడ్డు పెద్ద జాతీయ రహదారి. దాని నంబరు 44. అటు శ్రీనగర్ నుంచి ఇటు కన్యాకుమారి దాకా పోతుంది. మనం అందులో చిన్న ముక్క మీద పోతాం. భిక్నూర్, రామాయంపేట, చేగుంట, తూప్రాన్, మేడ్చల్. ఊరి పేర్లు రోడ్డు పక్కన బోర్డుల మీద ఉంటాయి. పేరు కింద అంకె ఉంటుంది. ఇంకా ఎన్ని కిలోమీటర్లో ఆ అంకె చెప్తుంది. నేను ఒక్కొక్కటి చదివి పెద్దవ్వకు చెప్పాను. అంకె తగ్గుతూ వస్తుంటే మనం దగ్గరవుతున్నట్టు.

ఎల్లారెడ్డి వాళ్లకు ఇంకో దారి కూడా ఉంది. మెదక్, నర్సాపూర్ మీదుగా పోవచ్చు. ఆ దారి బాలానగర్ వైపు నుంచి పట్నంలోకి చేరుతుంది. రైలు ఎక్కదలిస్తే కామారెడ్డి స్టేషన్‌కు రావాలి. కొన్ని రైళ్లు సికింద్రాబాదుకు, కొన్ని కాచిగూడకు పోతాయి. ఏది ఎక్కడికో అడిగి ఎక్కాలి.

దిగే చోటు

నేను మొదటిసారి తప్పింది ఇక్కడే. అందుకని ఇక్కడ జర ఆగి చదవండి.

పట్నంలో మనకు పనికొచ్చే పెద్ద బస్ స్టేషన్లు రెండు. ఒకటి జూబ్లీ బస్ స్టేషన్. జేబీఎస్ అంటారు. అది సికింద్రాబాదులో ఉంది. మన వైపు నుంచి పోతే ముందు వచ్చేది ఇదే. రెండోది మహాత్మా గాంధీ బస్ స్టేషన్. ఎంజీబీఎస్ అంటారు, ఇమ్లిబన్ అని కూడా అంటారు. అది మూసీ నది నడుమ ఉంది. చార్మినార్, ఉస్మానియా దవాఖానా దానికి దగ్గర. బస్సు ముందు బోర్డులో 'జేబీఎస్' అని ఉందా, 'ఎంజీబీఎస్' అని ఉందా చూడాలి. కండక్టరును కూడా అడగాలి. చదివినా అడగడంలో తప్పులేదు.

ఒక స్టేషన్ నుంచి ఇంకో దానికి పోవాలంటే సిటీ బస్సు ఉంది. మెట్రో రైలు కూడా ఉంది. పట్నంలో మెట్రో 2017లో మొదలైంది. జేబీఎస్ నుంచి ఎంజీబీఎస్ దాకా పోయే ఆకుపచ్చ దారి 2020లో తెరిచారు. ఎర్ర దారి మియాపూర్ నుంచి ఎల్బీ నగర్ దాకా పోతుంది. నీలం దారి నాగోల్ నుంచి రాయదుర్గం దాకా. రంగులు గుర్తుంటే చాలు. మెట్రోకు మాత్రం టికెట్ కొనాలి. ప్రతి స్టేషన్‌లో పేరు తెలుగులో కూడా రాసి ఉంటుంది. రైలు లోపల కూడా వచ్చే స్టేషన్ పేరు తెలుగులో చెప్తారు.

మెట్రో స్టేషన్‌లో మెట్లు వాటంతట అవే నడుస్తాయి. పెద్దవ్వ చూసి జంకింది. "మెట్లు ఉరుకుతున్నయే! నేను రాను" అని నిలబడింది. లిఫ్టు బోర్డు చూసి అందులో తీసుకుపోయాను. భయమైతే బలవంతం చేయొద్దు, మామూలు మెట్లు కూడా ఉంటాయి.

దవాఖానాలు

మన వాళ్లు పట్నం పోయేది ఎక్కువగా దవాఖానా కోసమే. అందుకని పేర్లు చెప్తాను. పక్కన రాసి పెట్టుకోండి.

ఉస్మానియా దవాఖానా అఫ్జల్‌గంజ్‌లో ఉంది. గాంధీ దవాఖానా ముషీరాబాద్‌లో. పిల్లలకు నీలోఫర్, కేన్సర్‌కు ఎంఎన్‌జే దవాఖానా ఉన్నాయి. ఈ రెండూ రెడ్ హిల్స్‌లోనే, లక్డీకాపూల్ దగ్గర. కళ్లకు సరోజినీ దేవి దవాఖానా, మెహిదీపట్నంలో. నిమ్స్ పంజాగుట్టలో. ఇవన్నీ సర్కారువి.

పొద్దున తొందరగా పోవాలి. ముందు 'విచారణ' అనే బోర్డు వెతకాలి. తర్వాత 'ఓపీ చీటీలు' ఎక్కడో చూడాలి. పాత చీటీలు, పరీక్షల కాగితాలు, ఆధార్ చేతిలో ఉండాలి. "నేను లోపల చెప్పి చూపిస్త, ఇంత ఇయ్యి" అని కొందరు పక్కకొచ్చి గొణుగుతారు. ఇయ్యొద్దు. ప్రాణం మీదికొస్తే వరుసలో నిలబడొద్దు. 'అత్యవసర' అనే మాట వెతకండి. రాత్రయినా, పండుగైనా ఆ తలుపు తెరిచే ఉంటుంది.

బోర్డుల మీద ఉండే కొన్ని మాటలు: లోపలికి దారి. బయటకు దారి. విచారణ. స్త్రీలకు మాత్రమే. తాగునీరు. ప్రమాదం. ప్రవేశం లేదు. వీటిని రెండుసార్లు చదవండి.

పెద్దవ్వ కన్ను చూశారు. శుక్లం ముదిరింది, ఆపరేషన్ చేస్తామన్నారు. వచ్చే నెల తేదీ రాసిచ్చారు. ఆ తేదీ నేనే చదివి చెప్పాను. మొదటిరోజు దాంతోనే గడిచింది.

ఈ ఊరు ఎట్లా పుట్టింది?

మన దోమకొండ గడి చూసినవాళ్లు ఉంటారు. ఎత్తు గోడలు, బురుజులు, పెద్ద దర్వాజ. గోల్కొండ అంటే అట్లాంటిదే, కాని ఎన్నో రెట్లు పెద్దది. ముందు అక్కడ కాకతీయుల కాలం నాటి మట్టికోట ఉండేది. 'గొల్లకొండ' అన్న పేరే గోల్కొండ అయిందంటారు. 1518 నుంచి కుతుబ్‌షాహీ రాజులు అక్కడ ఉండి రాజ్యం చేశారు. రాతికోట కట్టారు. వాళ్లలో ఇబ్రహీం కుతుబ్‌షా తెలుగు బాగా నేర్చుకున్నాడు. తెలుగు కవులను ఆదరించాడు. మన కవులు ఆయన్ను మల్కిభరాముడు అని పిలుచుకున్నారు. 1578లో మూసీ మీద రాతి వంతెన కట్టించింది ఆయనే. దాన్ని ఇప్పుడు పురానాపూల్ అంటారు. పాత వంతెన అని అర్థం.

జనం పెరిగారు. కోటలో ఇరుకైంది, నీళ్లు చాలలేదు. ఇబ్రహీం కొడుకు మహమ్మద్ కులీ కుతుబ్‌షా మూసీ అవతల కొత్త ఊరు కట్టించాడు. అది 1591. ముస్లింల లెక్కలో అప్పుడు వెయ్యో సంవత్సరం నడుస్తోంది. ఊరి నడుమ చార్మినార్ నిలబెట్టి, నాలుగు దిక్కులా నాలుగు బాటలు వేశారు. చార్ అంటే నాలుగు. మినార్ అంటే స్తంభం లాంటి గోపురం. ఆ రాజు భాగమతి అనే ఆమెను ప్రేమించి, ఆమె పేరిట భాగ్యనగరం అని పెట్టాడని చెప్పుకుంటారు. అది నిజమా కాదా అని చరిత్ర రాసేవాళ్లు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. మా వదినకు మాత్రం ఆ కథే నచ్చింది.

1687లో ఢిల్లీ బాద్‌షా ఔరంగజేబు గోల్కొండను గెలిచాడు. తర్వాత నిజాములు వచ్చారు. 1806లో సికిందర్ జా నిజాం పేరిట సికింద్రాబాదు వెలిసింది. 1948లో నిజాం రాజ్యం భారతదేశంలో కలిసింది. 1956లో ఆంధ్రప్రదేశ్‌కు హైదరాబాదు రాజధాని అయింది. 2014 జూన్ 2న తెలంగాణ వచ్చింది. రాజులు మారారు, జెండాలు మారాయి. నాలుగు వందల ఏళ్లు దాటిన ఈ ఊరు ఇప్పుడూ రాజధానే.

చార్మినార్, గాజుల బజారు

రెండోనాడు పొద్దున్నే అఫ్జల్‌గంజ్‌లో దిగి నడిచాం. నయాపూల్ దాటితే మదీనా, తర్వాత పత్తర్‌గట్టి. పత్తర్‌గట్టిలో అన్నీ రాతి దుకాణాలు. ముత్యాలు అమ్మేది అక్కడే. ఆ తర్వాత నాలుగు పెద్ద కమాన్లు. వాటి నడుమ గుల్జార్ హౌజ్ అనే నీటి తొట్టి. ఒక కమాను కింద నిలబడి చూస్తే ఎదురుగా చార్మినార్. పెద్దవ్వ ఒక కంటితోనే చూసింది. "ఫోటోల ఇంత ఉంటది గని, ఇది ఇంత పెద్దగున్నదేందే!" అంది.

చార్మినార్‌కు నాలుగు వైపులా గడియారాలు ఉన్నాయి. అవి రాజు పెట్టించినవి కావు, ఎంతో తర్వాత 1889లో వచ్చాయి. పక్కనే మక్కా మసీదు. 1617లో మొదలుపెడితే 1694లో పూర్తయింది. ఎన్నేళ్లు పట్టిందో మీరే తీసివేసి చూడండి. లోపలికి పోవచ్చు. తల మీద కొంగు కప్పుకోవాలి, చెప్పులు విడవాలి. ఆ మర్యాద మన గుళ్లోనూ ఉన్నదే.

ఇక లాడ్ బజారు. చార్మినార్ పక్క సందు. అటూ ఇటూ గాజుల దుకాణాలే. ఎండ పడితే సందంతా మెరుస్తుంది. లక్క గాజులు ఈ ఊరి ప్రత్యేకం. బొగ్గుల సెగ మీద లక్కను కరిగించి, సాగదీసి, గుండ్రంగా వంచి, వేడి ఆరకముందే ఒక్కొక్క రాయి, ఒక్కొక్క అద్దం అద్దుతారు. 2024లో హైదరాబాదు లక్క గాజులకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంటే వేరే ఊర్లో చేసి ఈ పేరు పెట్టి అమ్మకూడదు.

ఆ రాళ్లు అద్దే పని చాలావరకు పాతబస్తీ ఇళ్లలో ఆడవాళ్లు చేస్తారు. దుకాణంలో ఒకామె కూర్చుని అద్దుతోంది. వదిన ఆమె పక్కన కూర్చుంది. వదినకు ఉర్దూ రాదు, ఆమెకు తెలుగు అంతంతే. అయినా ఇద్దరూ మాట్లాడుకున్నారు.

"దినానికి ఎంత పడ్తది?" అని అడిగింది వదిన.

ఎన్ని జతలు చేస్తే అన్ని పైసలట. నెలజీతం లేదు. కళ్లు గుంజుతాయట, వేళ్లు కాలుతాయట.

వదిన తన చేతివేళ్లు చూపించింది. "మాది గిట్లనే. వెయ్యి బీడీలకు ఇంత అని. ఆకు పాడైతె మా మీదనే" అంది. ఆమె వదిన వేళ్లు పట్టుకుని తిప్పి చూసింది. తంబాకు పసుపు ఇంకా పోలేదు. ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ రోజు చూసినవాటిలో నాకు చార్మినార్ కంటే అదే బాగా గుర్తుంది.

గాజుల కొలతల్లోనూ లెక్క ఉంది. డబ్బా మీద 2.4, 2.6, 2.8 అని రాస్తారు. 'రెండు నాలుగు', 'రెండు ఆరు' అని పలుకుతారు. ఇది మనం నేర్చుకున్న దశాంశం కాదు. పాత అణాల లెక్క. రూపాయికి 16 అణాలు ఉండేవి కదా, అట్లాగే అంగుళాన్ని 16 భాగాలు చేస్తారు. 2.4 అంటే రెండు అంగుళాలు, ఇంకా 16 భాగాల్లో 4. అంటే రెండుంపావు. 2.8 అంటే రెండున్నర. నీ కొలత నీకు తెలిస్తే దుకాణంవాడు పెద్దవి అంటగట్టలేడు.

బేరం చేయక తప్పదు. వాళ్లు చెప్పిన ధరకు కొనొద్దు. నాలుగు దుకాణాలు తిరిగి అడిగి కొనాలి. వదిన మాత్రం ఆ గాజులామె దగ్గర బేరం చేయలేదు.

మూసీ కథ

మధ్యాహ్నం నయాపూల్ దగ్గరికి తిరిగి వచ్చాం. వంతెన మీద నిలబడితే కింద మూసీ. నీళ్లు నల్లగా ఉన్నాయి, వాసన. "గీ మురికి కాల్వనా నది?" అంది పెద్దవ్వ. ఒకప్పుడు ఈ నదే ఊరిని ముంచింది.

1908 సెప్టెంబర్ 28. రాత్రంతా కుండపోత వాన. ఎగువన చెరువులు తెగాయి. మూసీ పొంగి ఊరి మీద పడింది. నాలుగు వంతెనల్లో మూడు కొట్టుకుపోయాయి. మల్కిభరాముడు కట్టించిన పురానాపూల్ ఒక్కటే నిలిచింది. సుమారు 15 వేల మంది చనిపోయారని చెప్తారు. నది ఒడ్డున దవాఖానా ఆవరణలో ఒక చింతచెట్టు ఉంది. ఆ చెట్టెక్కి సుమారు 150 మంది ప్రాణాలు కాపాడుకున్నారు. చింతకొమ్మ గట్టిదని మనకు తెలిసిందే. ఆ చెట్టు ఇప్పుడూ ఉంది, ఉస్మానియా దవాఖానా దగ్గర. పోయినప్పుడు అడిగి చూడండి.

అప్పటి నిజాం మహబూబ్ అలీ ఖాన్. ఆయన నది దగ్గరికి వచ్చి, చీర, పసుపు కుంకుమ సమర్పించి శాంతించమని వేడుకున్నాడని జనం చెప్పుకుంటారు. తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య అనే పెద్ద ఇంజనీరును పిలిపించారు. వరద మళ్లీ రాకుండా ఊరికి ఎగువన రెండు పెద్ద చెరువులు కట్టాలని ఆయన చెప్పాడు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. ఉస్మాన్‌సాగర్‌నే గండిపేట అంటారు. వరద ఆగింది. తాగునీళ్లూ వచ్చాయి.

ఇదే కాలంలో మన మంజీర మీద కూడా పని సాగింది. 1923లో మొదలై 1931లో నిజాంసాగర్ పూర్తయింది. ఇంజనీరు నవాబు అలీ నవాజ్ జంగ్. ఎల్లారెడ్డి వాళ్లకు నిజాంసాగర్ గురించి నేను చెప్పేదేముంది! వరి మళ్లలో ఆ నీళ్లు చూస్తూ పెరిగినవాళ్లు. కాని ఒక సంగతి. పట్నం పెరిగింది, గండిపేట చాలలేదు. మంజీర మీద నిజాంసాగర్‌కు ఎగువన సింగూరు కట్టారు. ఆ మంజీర నీళ్లు పైపుల్లో పట్నం పోతున్నాయి. తర్వాత కృష్ణ, గోదావరి నీళ్లు కూడా తెచ్చారు. వదిన చెల్లెలు ఇంట్లో నల్లా తిప్పితే పెద్దవ్వ చెంబు పట్టి తాగింది. "మన మంజీర నీళ్లేనా ఇవి?" అంది. అందులో ఎంత మంజీరో, ఎంత కృష్ణో నేనేం చెప్పను! "అండ్ల మనవి కూడ ఉన్నయి" అన్నాను. "అయితె మనం గీ ఊరికి ఉత్త చేతుల్తోని రాలేదన్నట్టు" అంది.

గడియారం మోగే వేళ

నది ఒడ్డునే సాలార్‌జంగ్ మ్యూజియం ఉంది. మ్యూజియం అంటే పాత వస్తువులు, అరుదైన వస్తువులు దాచి చూపించే ఇల్లు. ఒక్క కుటుంబం వాళ్లు కూడబెట్టిన వస్తువులు. అందులో ఎక్కువ మూడో సాలార్‌జంగ్ కొన్నవి. 1951లో జనానికి తెరిచారు. శుక్రవారం సెలవు. మేం గురువారం పోయాం కాబట్టి సరిపోయింది.

అక్కడ ఒక గడియారం ఉంది. గంట కొట్టే ముందు లోపల నుంచి గడ్డం బొమ్మ ఒకటి బయటికి వస్తుంది. ఎంత గంటయితే అన్నిసార్లు గంట కొట్టి లోపలికి పోతుంది. దాన్ని చూడటానికి చదువుకున్నవాళ్లు, చదువుకోనివాళ్లు, చిన్నా పెద్దా అందరూ చేరి నేల మీద కూర్చుంటారు. మేమూ కూర్చున్నాం. ఇంకో గదిలో తెల్లటి పాలరాతి ఆడమనిషి బొమ్మ ఉంది. ముఖం మీద పల్చటి ముసుగు. ఆ ముసుగు కూడా రాయే. వదిన ఎంతసేపు చూసినా నమ్మలేదు.

అదే అఫ్జల్‌గంజ్‌లో, నది ఒడ్డున, రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం ఉంది. 1891లో మొదలైంది. లోపలికి పోయి కూర్చుని చదువుకోవచ్చు. నేను పది నిమిషాలే కూర్చున్నాను. ఒక పేపరు తీసి పెద్ద అక్షరాలు చదివాను. నన్ను ఎవరూ "నువ్వెవరు?" అని అడగలేదు.

గోల్కొండలో చప్పట్లు

మూడోనాడు పొద్దున గోల్కొండ పోయాం. పైదాకా ఎక్కాలంటే మెట్లు చాలా ఉన్నాయి. పెద్దవ్వ కింద దర్వాజ దగ్గర కూర్చుంది. "మీరు పోయి రండి" అంది. ఆ దర్వాజ కింద ఒక చోట నిలబడి చప్పట్లు కొడితే, కొండ మీద బాలాహిస్సార్‌లో వినిపిస్తుంది. శత్రువు వస్తే పైకి కబురు చేయడానికి అట్లా కట్టారు. నేను, వదిన ఆయాసపడుతూ పైకి చేరాం. కింద మనుషులు చీమల్లా ఉన్నారు. పెద్దవ్వ కనబడలేదు. చెవులు రిక్కించి నిలబడ్డాం. టప్, టప్, టప్. వదిన ఎగిరి గంతేసింది. "అది పెద్దవ్వ చప్పుడే!" అంది. అక్కడ ఎందరో కొడుతుంటారు, ఎవరిదో ఎట్లా తెలుస్తుంది? కాని కిందికి వచ్చి అడిగితే, "మూడుసార్లు కొట్టిన, ఇనవడ్డదా?" అంది.

దారిలో రామదాసు బందీఖానా ఉంది. భద్రాచలం గుడి కట్టించిన కంచర్ల గోపన్నను తానీషా కాలంలో అక్కడే బంధించారు. గోడ మీద ఆయన చెక్కిన దేవుళ్ల బొమ్మలని చూపిస్తారు. ఆషాఢంలో పట్నం బోనాలు మొదలయ్యేది కూడా ఈ గోల్కొండలోనే. తర్వాత సికింద్రాబాదు ఉజ్జయిని మహంకాళి, ఆ తర్వాత లాల్ దర్వాజ.

హుస్సేన్‌సాగర్‌ను తిరిగి వచ్చేటప్పుడు బస్సులోంచే చూశాం. నడుమ రాతి బుద్ధుడు నిలబడి ఉన్నాడు. 1990లో తీసుకుపోతుంటే పడవ ఒరిగి విగ్రహం నీళ్లలో పడింది. పది మంది చనిపోయారు. 1992 డిసెంబర్‌లో పైకి తీసి నిలబెట్టారు. ఒడ్డున 2023లో తెరిచిన కొత్త సచివాలయం, దగ్గర్లో 125 అడుగుల అంబేద్కర్ విగ్రహం కనిపిస్తాయి.

తిరుగు దారి

జేబీఎస్‌లో సాయంత్రం రద్దీ. పెద్దవ్వ చెయ్యి నేను, నా కొంగు వదిన పట్టుకున్నాం. ఎవరైనా తప్పిపోతే, ఎవరైనా వెంటపడి సతాయిస్తే గుర్తుంచుకోవాల్సిన నంబర్లు ఇవి: పోలీసులకు 112. ఆడవాళ్ల సహాయానికి 181. అంబులెన్సుకు 108. ఏ ఫోన్ నుంచి చేసినా పైసలు పడవు.

బస్సులు వరుసగా ఉన్నాయి. నేను బోర్డులు చదువుకుంటూ నడిచాను. సిద్దిపేట. కరీంనగర్. మెదక్. పక్కన ఒక చెల్లె పిల్లను ఎత్తుకుని అటూ ఇటూ చూస్తోంది. నన్ను అడిగింది. "అక్కా, నిజామాబాద్ బస్సు ఏదక్కా?"

నేను చదివి చూపించాను. "అదే. మీద ఎక్స్‌ప్రెస్ అని ఉంది, నీకు పైసలు పడవు. కార్డు తీసి పట్టుకో" అన్నాను. మేమూ అదే బస్సెక్కాం. అది కామారెడ్డి మీదుగానే పోతుంది.

చదివి చెప్పండి

పట్నంలో రెండు పెద్ద బస్ స్టేషన్లు ఏవి? చార్మినార్‌కు ఏది దగ్గర?
హైదరాబాదు నగరం 1591లో పుట్టింది. ఇప్పటికి ఎన్నేళ్లు?
గాజుల కొలత 2.8 అంటే ఎన్ని అంగుళాలు? మీ కొలత ఎంత?
మీ చిరునామా, ఫోన్ నంబరు ఒక కాగితం మీద మీ చేత్తో రాయండి. అది మీ సంచిలో పెట్టుకోండి.